డబ్బా ముందు యాంటీఆక్సిడెంట్, వెనక దూలగొండి

పోయిన కార్తీకంలో మా నాన్న వంటింటి గుమ్మం దగ్గర పడిపోయారు. పెద్ద దెబ్బేమీ తగల్లేదు, మోచెయ్యి గీసుకుపోయింది, అంతే. కానీ ఆయన పడటానికి ముందు రెండు వారాలు మా ఇంట్లో ఏం జరిగిందో, అందులో నేను ఏది చూసీ చూడనట్టు వదిలేశానో రాయాలని అప్పటినుంచీ అనుకుంటూనే ఉన్నాను. బీచ్ రోడ్డు మీద పొద్దున్నే నడిచేవాళ్ళ మాటల్లో, మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో, పెళ్ళి భోజనాల దగ్గర, ఎక్కడికెళ్ళినా "మెదడుకి యాంటీఆక్సిడెంట్లు మంచివట" అనే మాట వినపడుతూనే ఉంది. విన్న ప్రతిసారీ నాకు ఆ గుమ్మమే గుర్తొస్తోంది.

నాన్నకి 71 ఏళ్ళు. పోర్టులో పనిచేసి రిటైరయ్యారు. మూడేళ్ళ కిందట బ్యాంకులో సంతకం కలవట్లేదని చెక్కు వెనక్కి ఇచ్చారు. ఇంటికొచ్చి పాత పాస్‌బుక్కు పక్కన పెట్టి చూస్తే, బారుగా ఉండే సంతకం చీమల బారులాగా చిన్నదైపోయి ఉంది. తర్వాత కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు వణకడం మొదలైంది, ఏదో మాత్ర చుడుతున్నట్టు. న్యూరాలజిస్టు గారు నడిపించి, చేతులు తిప్పించి చూసి పార్కిన్సన్స్ అన్నారు, మెదడులో మొదలై కదలికల్ని దెబ్బతీసే జబ్బు. అప్పటినుంచి రోజుకి మూడుసార్లు మాత్ర. ఒక్కో మాత్రలో 100 మిల్లీగ్రాముల లీవోడోపా, 25 మిల్లీగ్రాముల కార్బిడోపా.

నేను ఎం.ఫార్మసీ చదివాను. పరవాడ ఫార్మా సిటీలో క్యూసీలో, అంటే మందుల నాణ్యత పరీక్షించే విభాగంలో పనిచేస్తాను. ఇంట్లో మందుల డబ్బా నా చేతిలోనే ఉంటుంది, ఎవరికి జ్వరం వచ్చినా ముందు నన్నే అడుగుతారు. అలాంటిది ఆ పొడి డబ్బా నా కళ్ళముందే ఇంట్లోకొచ్చింది.

తెచ్చింది మా బావగారు, అక్కవాళ్ళాయన. ప్రేమతో తెచ్చారు, అందులో సందేహం లేదు, మా నాన్నంటే ఆయనకి సొంత తండ్రితో సమానం. ఎవరో స్నేహితుడి తండ్రికి బాగా పనిచేసిందట, 1,850 రూపాయలు పెట్టి తెప్పించారు. డబ్బా మీద ఆకుపచ్చ ఆకుల మధ్య మెదడు బొమ్మ, కింద "మెదడు కణాలకు సహజ యాంటీఆక్సిడెంట్ రక్షణ" అని బంగారు రంగు అక్షరాలు. పొద్దున ఒక చెంచా, రాత్రి ఒక చెంచా, గోరువెచ్చని పాలతో. "మందు కాదు, మొక్కల పొడే, ఏం కాదులే" అన్నారు బావగారు. నేను సరేనన్నాను. ఎందుకన్నానంటే, నా పీజీ ప్రాజెక్టు కూడా సరిగ్గా అదే: మొక్కల సారం మెదడు కణాల్ని కాపాడుతుందా అని.

ఆ ప్రాజెక్టు గురించి కాస్త చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు.

మునగాకు తీసుకున్నాం. నీడలో ఆరబెట్టి, దంచి, ఆల్కహాలులో నానబెట్టి, వడగట్టి, ఆవిరి చేస్తే చివరికి ముదురాకుపచ్చ జిగురు ఒకటి మిగులుతుంది. దాన్నే మా భాషలో ఎక్స్‌ట్రాక్టు అంటాం. మొదటి పరీక్ష డీపీపీహెచ్. ఫ్రీ రాడికల్ అంటే దొరికినదానితో ఇట్టే కలబడే అణువు, దాన్ని చల్లార్చేదే యాంటీఆక్సిడెంట్. డీపీపీహెచ్ దానంతటదే నిలకడగా ఉండగల ఒక ఫ్రీ రాడికల్, మిథనాల్లో కలిపితే నేరేడుపళ్ళు తిన్న నాలుకలాగా ముదురు ఊదా రంగు. దాన్లో మన ఎక్స్‌ట్రాక్టు కలిపి, చీకట్లో అరగంట ఉంచి తీస్తే ఊదా రంగు వెలిసిపోయి పలచటి పసుపు నీళ్ళలా అవుతుంది. 517 నానోమీటర్ల దగ్గర ఎంత రంగు తగ్గిందో యంత్రం చెబుతుంది. ఎంత తగ్గితే అంత గొప్ప యాంటీఆక్సిడెంట్ అన్నమాట. మొదటిసారి ఆ రంగు పోవడం చూసినప్పుడు నిజంగా ఒళ్ళు పులకరించింది, ఏదో జబ్బుని కళ్ళముందే తగ్గించేసినట్టు. తర్వాత ఒకరోజు క్యాంటీన్ టీపొడి కూడా పెట్టి చూశాం. అదీ అంతే చక్కగా రంగు పోగొట్టింది. దాల్చినచెక్క, కరక్కాయ, ఉసిరి, ద్రాక్ష తొక్క, వగరుగా ఉన్న ఏది వేసినా పోగొడుతుంది. ఆ గాజు గొట్టంలో మెదడు లేదు, కణం లేదు, రక్తం లేదు. ఒక రసాయనం, ఇంకో రసాయనం, అంతే.

రెండో పరీక్ష కణాల మీద. ప్రపంచంలో ఇలాంటి పరిశోధనలు చేసే ల్యాబుల్లో చాలావాటిలో వాడేది ఎస్‌హెచ్-ఎస్‌వై5వై అనే కణాల వంశం. 1970లో నాలుగేళ్ళ పాప ఎముక మజ్జలోంచి తీసిన క్యాన్సర్ కణాలనుంచి వచ్చిన వంశం అది. న్యూరోబ్లాస్టోమా అనే క్యాన్సర్. నాడీకణాల పోలికలు ఉంటాయి కాబట్టి వాడతారు, కానీ అవి మన మెదడులో 70 ఏళ్ళు పనిచేసి అలిసిన కణాలు కావు. వాటిమీద ముందు ఒక విషం వెయ్యాలి, తర్వాత మన ఎక్స్‌ట్రాక్టు వేసినవి ఎన్ని బతికాయి, వెయ్యనివి ఎన్ని బతికాయి అని లెక్కపెట్టాలి. బతికిన కణం ఎంటీటీ అనే పసుపు పదార్థాన్ని ఊదాగా మారుస్తుంది. అంటే మొదటి పరీక్షలో ఊదా పోతే గెలుపు, ఇక్కడ ఊదా వస్తే గెలుపు. మాకు వచ్చింది. వైవాలో ఎగ్జామినర్ గారు బాగుందన్నారు.

ఇంతకీ ఆ విషం ఏమిటో తెలుసా? రోటెనోన్. అది కూడా మొక్కల సారమే. చిక్కుడు కుటుంబానికి చెందిన కొన్ని మొక్కల వేర్లలో ఉంటుంది. ఆ వేర్లు దంచి నీళ్ళలో కలిపి చేపలు పట్టేవాళ్ళు, తర్వాత పురుగుమందుగా వాడారు. కణంలో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలో మొదటి మెట్టునే అది అడ్డుకుంటుంది, ఆక్సిజన్ సగం కాలిన కట్టెలాగా పొగ వదులుతుంది. ఆ పొగనే ఫ్రీ రాడికల్స్ అనుకోండి. 2000లో అమెరికాలో ఎలుకలకి వారాల తరబడి రోటెనోన్ ఎక్కిస్తే వాటికి పార్కిన్సన్స్ లాంటి లక్షణాలే వచ్చాయి, మెదడులో సరిగ్గా ఆ జబ్బులో పోయే కణాలే పోయాయి. చంపినదీ మొక్కే, కాపాడిందని నేను థీసిస్‌లో రాసుకున్నదీ మొక్కే. "మొక్కలది కదా, ఏం కాదులే" అనే మాట నేను అప్పుడే మర్చిపోయి ఉండాల్సింది.

ఇంకో లెక్క ఉంది, అది నాకు నాన్న పడ్డాకే తట్టింది. మా కణాల మీద పనిచేసిన మోతాదు మిల్లీలీటరుకి 100 మైక్రోగ్రాములు. చిన్నదిగానే కనిపిస్తుంది. మనిషి ఒంట్లో రక్తం సుమారు 5 లీటర్లు. అంత రక్తంలో అదే చిక్కదనం రావాలంటే 500 మిల్లీగ్రాముల ఎక్స్‌ట్రాక్టు మొత్తానికి మొత్తం పేగులు దాటి, కాలేయం చేతిలో పడి మారిపోకుండా, మూత్రంలో పోకుండా, ఒక్కసారే రక్తంలో నిలబడాలి. అలా ఎప్పుడూ జరగదు. మొక్కల్లో పాలీఫినాల్స్ అనే యాంటీఆక్సిడెంట్ పదార్థాల్లో చాలావాటిని పేగులు సరిగా తీసుకోవు, తీసుకున్నదాన్ని కాలేయం గంటల్లో వేరే రూపానికి మార్చి బయటికి పంపేస్తుంది. ఆపైన మెదడుకి దానిదే ఒక గోడ ఉంది. 1885లో పాల్ ఎర్లిహ్ అనే జర్మన్ శాస్త్రవేత్త జంతువు రక్తంలోకి రంగు ఎక్కిస్తే ఒళ్ళంతా రంగు పట్టింది, మెదడుకి మాత్రం పట్టలేదు. ఆ గోడ ఇప్పటికీ అలాగే నిలబడి ఉంది, మన డబ్బా మీద ఏం రాసుందో అది చదవదు.

అలాగని మెదడుకి రక్షణ అక్కర్లేదని కాదు. మెదడు బరువు ఒంటి బరువులో నూటికి 2 పాళ్ళు, వాడుకునే ఆక్సిజన్ మాత్రం 20 పాళ్ళు. దాని నిండా తొందరగా ముక్కిపోయే రకం కొవ్వులు, పైగా ఇనుము. నూనె డబ్బా మూత తీసి ఎండలో పెట్టినట్టే. మా నాన్న విషయంలో అయితే ఇంకా దగ్గరగా చూడాలి. మధ్యమెదడులో సబ్‌స్టాన్షియా నైగ్రా అని ఒక నల్లటి పట్టీ ఉంటుంది, రెండు పక్కలా కలిపినా అందులో, కదలికలకి కావలసిన డోపమిన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు కొన్ని లక్షలే. అది నల్లగా ఎందుకుంటుందో ఒక అరటిపండుని చూస్తే తెలుస్తుంది.

మా వంటింట్లో అరటిపళ్ళ హస్తం కొక్కేనికి వేలాడదీసి ఉంటుంది. అది మచ్చలు పడి నల్లబడుతుంది కదా, అరటి తొక్కలో అలా నల్లబడేది ఎక్కువగా డోపమినే. అవును, అదే డోపమిన్, అరటి తొక్కలో దండిగా ఉంటుంది. గాలి తగిలితే ఆక్సిజన్‌తో కలిసి ముందు గోధుమ రంగు, తర్వాత నలుపు. మన మెదడులో ఆ కణాలు కూడా డోపమిన్‌ని జాగ్రత్తగా చిన్న చిన్న సంచుల్లో దాచుకుంటాయి, సంచి దాటి ఒలికిందల్లా అలాగే ఆక్సీకరణ చెంది, ఏళ్ళ తరబడి పోగుపడి న్యూరోమెలనిన్ అనే నల్లరంగు అవుతుంది. వయసు పెరిగేకొద్దీ ఆ పట్టీ నల్లబడటం మామూలే. పార్కిన్సన్స్‌లో ఆ కణాలే చచ్చిపోతాయి కాబట్టి నలుపు వెలిసిపోతుంది. చెయ్యి వణకడం మనకి కనిపించేసరికే సగం కణాలో, అంతకన్నా ఎక్కువో పోయి ఉంటాయి. (అరటిపండు తింటే డోపమిన్ వస్తుందా అని అమ్మ అడిగింది. రాదు, ఆ గోడని డోపమిన్ దాటలేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, కథ అంతా దీనిమీదే ఉంది.)

ఇప్పుడు పొడి దగ్గరికి వస్తాను.

మొదటి వారం నాన్న హుషారుగా ఉన్నారు. నిజంగానే. పొద్దున చొక్కా గుండీలు తనే పెట్టుకున్నారు, వణుకు తగ్గింది, బావగారు ఫోన్లో ఆనందంతో గొంతు తడారిపోయేలా మాట్లాడారు. నేను కూడా సంతోషించాను. మునగాకు గొట్టాలు గుర్తొచ్చాయి, చూశావా నిజంగా పనిచేస్తోంది అనుకున్నాను. రెండో వారం మొదట్లో మెడ, భుజం ఎవరో లోపల్నుంచి తిప్పుతున్నట్టు మెలికలు తిరగడం మొదలైంది. కుర్చీలో కూర్చుని పేపరు చదువుతుంటే ఒళ్ళు ఊగుతోంది. "ఏటమ్మా, నేను ఊపట్లేదు, అదే ఊగుతోంది" అన్నారు. అన్నం దగ్గర వికారం. పొద్దున మంచం మీంచి లేవగానే కళ్ళు తిరగడం. జబ్బు ముదురుతోందేమో అని అమ్మ ఏడ్చింది. నేను డాక్టరు గారి అపాయింట్‌మెంట్ తీసుకున్నాను, ఆ అపాయింట్‌మెంట్‌కి రెండు రోజుల ముందే గుమ్మం దగ్గర పడిపోయారు.

డాక్టరు గారు మొత్తం విని మొదట అడిగిన ప్రశ్న, "ఇంకేమైనా మందులు వాడుతున్నారా?" అమ్మ "లేదండీ" అంది. నేనూ లేదన్నాను. లేచి వచ్చేస్తుండగా నాన్నే అన్నారు, "మందులంటే ఏమీ లేవండి, అల్లుడు తెచ్చిన పొడి ఒకటుంది, పాలల్లో వేసుకుంటాను." డాక్టరు గారు మళ్ళీ కూర్చోమన్నారు. డబ్బా ఫొటో ఉందా అని అడిగారు. లేదు. పక్కింటి పిన్నిగారికి ఫోన్ చేసి, తాళం తీయించి, డబ్బా వెనక ఫొటో తీయించాం. ముందు వైపు అక్షరాలు వేలెడంత ఉంటే వెనక ఆవగింజంత. పద్దెనిమిది పేర్లున్నాయి. ఆరోది కపికచ్ఛు.

కపికచ్ఛు అంటే దూలగొండి. మన ఊళ్ళల్లో పొలం గట్ల మీద, కొండ వాలుల్లో తీగలా పాకుతుంది, కాయ మీద బంగారు రంగు నూగు, చెయ్యి తగిలితే ఒళ్ళంతా దురద. దాని గింజల్లో ఎల్-డోపా ఉంటుంది, నూటికి సుమారు 4 నుంచి 6 పాళ్ళు. ఎల్-డోపా, లీవోడోపా రెండూ ఒకటే. నాన్న మాత్రలో ఉన్నది అదే. డోపమిన్ మెదడు గోడ దాటలేదు కానీ ఎల్-డోపా దాటుతుంది, ప్రోటీన్ ముక్కల్ని లోపలికి మోసుకెళ్ళే దారినే వాడుకుంటుంది, లోపలికెళ్ళాక డోపమిన్ అవుతుంది. అసలు దూలగొండి గింజల్లోంచి దాన్ని వేరుచేసింది మన పక్కనే, మద్రాసు యూనివర్సిటీ బయోకెమిస్ట్రీ ల్యాబులో, 1937లో, దామోదరన్, రామస్వామి అనే ఇద్దరు. అప్పటికి మన విశాఖ కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోదే. దాన్ని పార్కిన్సన్స్‌కి మందుగా వాడొచ్చని తెలియడానికి ఇంకో ఇరవై ఏళ్ళు పైనే పట్టింది.

లెక్క వేసుకోండి. చెంచా అంటే 5 గ్రాములు అనుకుంటే, అది ఉత్త దూలగొండి గింజల పొడే అయితే 250 మిల్లీగ్రాముల ఎల్-డోపా, అంటే రెండున్నర మాత్రలు. ఈ డబ్బాలో ఎంత ఉందో రాయలేదు, పద్దెనిమిదిట్లో ఒకటి అంతే, కాబట్టి సరిగ్గా ఎంత పడిందో నాకే కాదు ఎవరికీ తెలియదు. పైగా ఇంకో సంగతి. ఒట్టి దూలగొండి పొడి తింటే అందులో ఎల్-డోపాలో ఎక్కువ భాగం మెదడుకి చేరకముందే ఒంట్లో డోపమిన్‌గా మారి వృథా అయిపోతుంది. అలా కాకుండా ఆపడానికే మాత్రలో కార్బిడోపా కలుపుతారు. నాన్న ఒంట్లో మాత్ర తాలూకు కార్బిడోపా అప్పటికే కాపలా ఉంది, కాబట్టి పొడిలో వచ్చిన ఎల్-డోపా కూడా వృథా కాకుండా నేరుగా లోపలికి పోయింది. మొదటి వారం హుషారు దానిదే. మెలికలు, వికారం, లేవగానే కళ్ళు తిరగడం కూడా దానివే. జబ్బు ముదరలేదు. మోతాదు ఎక్కువైంది. యాంటీఆక్సిడెంట్ అని ఇచ్చింది యాంటీఆక్సిడెంట్‌గా ఏం చేసిందో తెలియదు కానీ, మందుగా మాత్రం గట్టిగా పనిచేసింది.

నాకు కోపం వచ్చింది బావగారి మీద కాదు. క్యూసీలో నేను రోజూ చేసే పని ఇదే: మాత్ర మీద 100 మిల్లీగ్రాములు అని రాస్తే లోపల 90కి తగ్గకూడదు, 110కి మించకూడదు, ఒక్క బ్యాచ్ తప్పినా మొత్తం ఆపేస్తాం. ఎవరో ముందే పరీక్షించి ఉంటారు కదా అనే నమ్మకంతోనే మా నాన్న ఆ మాత్ర మింగుతారు. అదే మందు పొడి రూపంలో, ఎంతుందో చెప్పకుండా, సంస్కృతం పేరు వెనకాల, ఆవగింజంత అక్షరాల్లో వచ్చింది. మా ఇంట్లో ఆ గింజని దూలగొండి అని తప్ప ఇంకో పేరుతో ఎవరూ పిలవరు. దూలగొండి అని రాసుంటే అమ్మే అడిగేది, "దూలగొండి గింజలు ఎందుకే ఇందులో" అని.

ఆ రాత్రి మిగిలిన పొడి చిటికెడు తీసి తెల్ల సాసర్లో తడిపి పెట్టాను. పొద్దుటికి అంచులు నల్లబడి ఉన్నాయి. ఇది పరీక్ష కాదు, తడిస్తే నల్లబడేవి సవాలక్ష ఉంటాయి. అయినా దాన్ని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. పక్కనే అరటిపళ్ళు వేలాడుతున్నాయి.

దూలగొండిని చెడ్డదని ఎవరైనా అనుకుంటే అది నా ఉద్దేశం కాదు. 2004లో లండన్‌లో ఎనిమిదిమంది పార్కిన్సన్స్ రోగుల మీద మాత్ర ఒకసారి, తూకం వేసిన దూలగొండి పొడి ఒకసారి ఇచ్చి చూస్తే పొడి త్వరగా పనిచేసింది. అక్కడ ఎంత ఇస్తున్నారో తెలుసు, ఎదురుగా డాక్టరు ఉన్నాడు, అదీ తేడా. ఇంకో ముచ్చట: ఎల్-డోపా విలువ బయటపడింది కూడా మన సర్పగంధి వల్లే. ఆ వేరులోంచి తీసిన రిసర్పిన్‌ని ఒకప్పుడు బీపీకి వాడేవారు, అది మెదడులో డోపమిన్‌ని ఖాళీ చేసేస్తుంది. 1957లో స్వీడన్‌లో ఆర్విడ్ కార్ల్‌సన్ కుందేళ్ళకి రిసర్పిన్ ఇస్తే చెవులు వాల్చేసి కదలకుండా పడున్నాయి, ఎల్-డోపా ఎక్కించగానే లేచి కూర్చున్నాయి. ఆయనకి 2000లో నోబెల్ వచ్చింది. కుందేలుని పడుకోబెట్టిందీ మొక్కే, దాన్ని లేపిన పదార్థం దొరికేదీ మొక్కలోనే. ఎంత, దేనితో కలిపి, ఎవరికి అన్నది చూడకుండా మొక్కలు మంచివా చెడ్డవా అంటే నేనేం చెప్పను?

సరే, అసలైన యాంటీఆక్సిడెంట్ల సంగతి. వాటిని మనుషుల మీద సరిగ్గా పరీక్షించలేదేమో అనుకుంటారు చాలామంది. పరీక్షించారు. పార్కిన్సన్స్ మొదటి దశలో ఉన్న 800 మందికి విటమిన్ ఈ పెద్ద మోతాదులో ఇచ్చి చూశారు, 1993లో ఫలితం వచ్చింది, జబ్బు నెమ్మదించలేదు. 600 మంది మీద కోఎంజైమ్ క్యూ10 అనే ఇంకో యాంటీఆక్సిడెంట్, అది కూడా లాభం లేదని మధ్యలోనే ఆపేశారు, ఫలితాలు 2014లో అచ్చయ్యాయి. రక్తంలో సహజంగా ఉండే యాంటీఆక్సిడెంట్ యూరిక్ ఆమ్లాన్ని పెంచి చూసిన పరీక్ష 2021లో, అదీ అంతే. మతిమరుపు రాకుండా జింకో అనే చెట్టు ఆకు సారం 3,069 మంది పెద్దవాళ్ళ మీద పరీక్షిస్తే 2008లో తేలింది, ఉత్త మాత్ర వేసుకున్నవాళ్ళకీ వీళ్ళకీ తేడా లేదు. వీటన్నిటికీ గొట్టాల్లో, కణాల్లో ఫలితాలు బ్రహ్మాండంగా ఉన్నాయి. నా మునగాకుకి ఉన్నట్టే.

ఎందుకిలా అంటే ఒక కారణం పైన చెప్పిన గోడ, మోతాదు. ఇంకోటి, కణం లోపల యాంటీఆక్సిడెంట్ పని చేసేది ప్రధానంగా మనం తిన్న అణువులు కావు, కణం స్వయంగా తయారుచేసుకునే ఎంజైములు, గ్లూటాథయోన్ అనే చిన్న అణువు. మొక్కల్లో ఉండేవి కొన్ని ఆ కణాన్ని కాస్త గిచ్చి లేపుతాయి, అంతే. ఎన్‌ఆర్‌ఎఫ్2 అని ఒక ప్రోటీన్ ఉంది, మామూలప్పుడు కట్టేసినట్టు ఉంటుంది, ఘాటైనది ఏదైనా వచ్చి తగిలితే కట్టు విడిపించుకుని కేంద్రకంలోకి పోయి రక్షణ జన్యువుల్ని నిద్రలేపుతుంది. బ్రోకలీ గురించి విదేశాల్లో అంత గొడవ చేసేది ఇందుకే. మనకి అదే కుటుంబంలోది ఆవ. పనసపొట్టు కూరలో చివర్లో ఆవ నూరి కలుపుతామే, నీళ్ళు పోసి నూరుతుంటే ముక్కుపుటాలు అదిరిపోయే ఘాటు వస్తుందే, గింజ పగిలి నీళ్ళు తగిలాకే పుట్టే ఘాటు అది, ఆ ఘాటు మొక్క తనని కొరికే పురుగుల కోసం దాచుకున్న ఆయుధం. కణాలకి అది చిన్న చురక. చురక మేలు చేస్తుంది కదా అని వాత పెట్టుకోం కదా. కూరలో ఆవ వేరు, దాన్ని వందరెట్లు చిక్కబరిచి గొట్టంలో నింపిన క్యాప్సూల్ వేరు.

పసుపు, మిరియాల గురించి కూడా అడుగుతారు అందరూ. మన పాడేరు కొండల్లో పసుపు పండుతుంది, కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్లకి మిరియాల తీగలు అల్లుకుని ఉంటాయి, అక్కడినుంచి వచ్చే నాన్న స్నేహితుడు ఒకాయన ఏటా మాకు రెండూ తెచ్చిస్తారు. పసుపుకి ఆ రంగునిచ్చే కర్కుమిన్ అందులో నూటికి సుమారు 3 పాళ్ళే, అదీ రక్తంలోకి దాదాపు ఎక్కదు. 1998లో బెంగళూరులో 2 గ్రాముల కర్కుమిన్‌తో మిరియాల ఘాటుకి కారణమైన పైపరిన్ 20 మిల్లీగ్రాములు ఇస్తే రక్తంలో చేరేది 20 రెట్లు పెరిగింది. ఈ ఒక్క అంకె మీదే సగం క్యాప్సూళ్ళు అమ్ముడుపోతున్నాయి. 20 రెట్లు పెరిగినా దాదాపు సున్నా నుంచి పెరగడమే అది. మిరియం ఎలా పెంచుతుంది? కాలేయం, పేగులు మందుల్ని మార్చి బయటికి పంపే పనిని నెమ్మదింపజేసి. అప్పుడు కర్కుమిన్ ఒక్కటే పెరగదు, ఫిట్స్‌కి వాడే ఫెనిటాయిన్ లాంటి మందులు కూడా రక్తంలో పెరుగుతాయని మన దేశంలోనే చూశారు. చారులో మిరియాలకి భయపడక్కర్లేదు. రోజూ మాత్రలు మింగే పెద్దవాళ్ళకి పైపరిన్ కలిపిన క్యాప్సూల్ కొనేముందు మాత్రం అడగాలి. ఆ క్యాప్సూళ్ళతో కాలేయం దెబ్బతిన్న కేసులు ఇటలీలో, అమెరికాలో నమోదయ్యాయి కూడా.

సరస్వతి ఆకు గురించి ఒక్క మాట. పరీక్షలప్పుడు మా అమ్మ నాకు రెండేసి ఆకులు పెట్టేది. బ్రహ్మి అని అమ్మేది రెండు వేర్వేరు మొక్కలు కావొచ్చు: గుండ్రటి ఆకుతో నేల మీద పాకేది సరస్వతి ఆకు, చిన్న దళసరి ఆకుతో తేమ నేలల్లో పెరిగేది నీటి సంబ్రాణి. వాటిలో ఉన్న పదార్థాలు కూడా వేరు. ఏ పొట్లంలో ఏది ఉందో అమ్మేవాళ్ళకే ఒక్కోసారి తెలియదు. పూర్ణా మార్కెట్ వైపు ఒక మూలికల కొట్టులో అడిగితే "రెండూ ఒకటేనమ్మా" అన్నాడు పాపం.

నాన్నకి పొడి ఆపేశాం. మెలికలు నాలుగైదు రోజుల్లో తగ్గాయి. వణుకు మళ్ళీ వచ్చింది, అది మాత్రం ఇంట్లో అందరికీ కష్టంగా అనిపించింది, బావగారికి మరీను. డాక్టరు గారు మాత్రల వేళలు మార్చారు. భోజనానికి అరగంట ముందు మాత్ర, పప్పు, గుడ్డు, చేప లాంటివి ఎక్కువగా రాత్రికి. ఎందుకంటే పేగుల్లోనూ మెదడు గోడ దగ్గరా లీవోడోపా, ప్రోటీన్ ఒకే గుమ్మంలోంచి పోవాలి, పప్పు ముందు దూరితే మాత్ర బయట నిలబడుతుంది. ఈ ఒక్క మార్పుతో మధ్యాహ్నాలు ఆయన చెయ్యి నెమ్మదించింది. 1,850 రూపాయల డబ్బా ఇవ్వలేనిది వంట వేళలు మారిస్తే వచ్చింది.

ఇంకోటి నడక. జబ్బు మొదటి దశలో ఉన్నవాళ్ళని ట్రెడ్‌మిల్ మీద గట్టిగా నడిపించి చూసిన ఒక పరీక్ష 2018లో వచ్చింది, ఆర్నెల్లు గడిచాక వాళ్ళ కదలికలు మిగతావాళ్ళంతగా దిగజారలేదు. పెద్ద పరీక్ష కాదు, అయినా ఏ క్యాప్సూల్‌కన్నా నాకు అదే నమ్మకంగా ఉంది. పొద్దున బీచ్ రోడ్డు మీద బళ్ళు ఆపేసే వేళకి తీసుకెళ్తాను. ఆర్కే బీచ్ నుంచి సబ్‌మెరైన్ దాటేదాకా. ఆయన అడుగులు చిన్నవైపోతే "నాన్నా, పెద్దడుగు" అంటాను, చెయ్యి ఊపడం మర్చిపోతే గుర్తుచేస్తాను. తిరిగొచ్చేటప్పుడు ఉసిరి, కాకరకాయ రసాలు అమ్మే బండి దగ్గర ఆగుతాం. ఉసిరి రసం తాగుతారు, ఇష్టంగా. తాగనివ్వండి, అది ఉసిరి. ఇంటికెళ్ళాక అరకు కాఫీ. కాఫీ తాగేవాళ్ళకి పార్కిన్సన్స్ తక్కువని హొనొలులులో 8,000 మంది మగవాళ్ళని ముప్ఫై ఏళ్ళు గమనించి 2000లో రాశారు, జబ్బు వచ్చాక కెఫీన్ మాత్రలు ఇచ్చి చూస్తే లక్షణాలు తగ్గలేదని 2017లో తేలింది. ఆయనకి ఇవన్నీ చెప్పను. కాఫీ ఆయనకి ఇష్టం.

మీ ఇంట్లో పెద్దవాళ్ళు రోజూ మాత్రలు వేసుకుంటుంటే, ఒక్క పని చెయ్యండి, దయచేసి. పొడులు, లేహ్యాలు, రసాలు, క్యాప్సూళ్ళు, ఎవరు ఎంత ప్రేమతో ఇచ్చినా సరే, డబ్బా వెనక ఫొటో తీసి ఫోన్లో ఉంచుకోండి. "ఇంకేమైనా వాడుతున్నారా" అని డాక్టరు అడిగితే మందులు అని ఆలోచించకండి, నోట్లోకి వెళ్ళేవన్నీ చెప్పండి. డోసు ఎంతో రాయనివి, పది పదిహేను పేర్లు కలిపి రాసినవి ముందు పక్కన పెట్టండి. ఉన్నట్టుండి బాగా పనిచేసిందంటే సంతోషించే ముందు, ఎందుకు పనిచేసిందో అడగండి.

మొన్న ఆదివారం బావగారు మళ్ళీ ఫోన్ చేశారు. ఈసారి నాన్నకి కాదు, వాళ్ళమ్మగారికి, మోకాళ్ళకి, ఎవరో ఇచ్చారట. "ముందు నీకు పంపిస్తున్నానమ్మా" అన్నారు. ఫోన్ పెట్టేలోపే ఫొటో వచ్చింది, వెలుతురు సరిపోక సగం అక్షరాలు మసకగా ఉన్నాయి. మళ్ళీ కిటికీ దగ్గర పెట్టి తీసి పంపారు. పదకొండు పేర్లు. నాలుగోది శల్లకి, ఒక చెట్టు జిగురు. ఏడోది పిప్పలి, మిరియాల జాతిదే, అందులోనూ పైపరినే. అత్తయ్యగారు రక్తం పలచబడే మాత్ర ఏమైనా వాడుతున్నారా అని అడిగాను. ఒక్క నిమిషం ఉండమని, ఆవిడ మందుల డబ్బా తేవడానికి లోపలికెళ్ళారు.